మొదటి మూడు దినములు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపైకి సముద్రము పొర్లి వచ్చినప్పుడు, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలోని పల్లెలను ముంచివేసిన ఆ కెరటము ఇంచుమించు 5 మీటర్ల ఎత్తు లేచినదనియు, ప్రభుత్వపు లెక్కకు అందిన మృతులే 10,000కు చేరువగా నుండిరనియు మనలో పెక్కుమంది చదివియే యున్నారు. తాటిమ్రాకులను, తుమ్మచెట్లను కౌగిలించుకొని రాత్రియంతయు ప్రాణములు నిలుపుకొన్నవారి కథలు కృష్ణాతీరమున నేటికిని వినబడుచునే యున్నవి. కాని ఆ ఉప్పెనను గూర్చి మనము చెప్పుకొను వృత్తాంతము సాధారణముగా ఆ రాత్రితోనే ముగియును. చెట్టు దిగినవారు మరునాడేమి త్రాగిరి, ఉప్పునీరు నిండిన బావులను, నానిపోయిన వడ్లను, తెగిన గట్లను, కనబడకుండ పోయిన బాటలను ముందుంచుకొని వారేమి చేసిరి అను ప్రశ్నను మనము అడుగుట అరుదు. నేను చెప్పదలచినది ఆ ప్రశ్నను గూర్చియే. విపత్తు ఎట్టిదైనను, ప్రభుత్వమెంత సమర్థమైనదైనను, ఆపద తాకిన క్షణమునకును, బయటి సహాయము గుమ్మము చేరు క్షణమునకును నడుమ కొంత వ్యవధి యుండి తీరును. అది ఒక పూట కావచ్చును, మూడు దినములు కావచ్చును. ఆ వ్యవధిలో మనుష్యుని కాపాడునవి అతని యింటనున్న సామగ్రియు, అతని చేతికి వచ్చిన విద్యయు, అతని ఇరుగుపొరుగును మాత్రమే.

ప్రభుత్వములను నిందించుటకు ఈ మాట అనుట లేదు. 1990 మే నెలలో కృష్ణానది ముఖద్వారమునకు సమీపమున తీరము దాటిన పెనుతుఫాను, బలమున దివిసీమ తుఫానుకు తీసిపోనిదే యైనను, ముందుగా హెచ్చరించి లక్షలకొలది జనులను తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. 1999 అక్టోబరులో ఇంచుమించు 10,000 మందిని పోగొట్టుకొన్న ఒడిశా, 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల మందిని తీరమునుండి తరలించి ప్రాణనష్టమును పదుల సంఖ్యలోనికి దించినది. వాతావరణ శాఖవారి సూచనలు, ఉపగ్రహములు, తుఫాను షెల్టర్లు, తరలింపు వాహనములు, వీనివలన గాలికిని కెరటమునకును బలియగువారు తగ్గిరి. ఇది స్వతంత్ర భారతము సాధించిన గొప్ప విజయములలో ఒకటి యని నేను నమ్ముదును. అయితే గాలికిని నీటికిని చిక్కక బ్రతికి, ఆ తరువాత చీకటిలో, దాహముతో, దారి తెగిన యింట చిక్కుకొనువారి కష్టము మాత్రము తగ్గలేదు. నగరములలో అది పెరుగుచున్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపైననే తీరము దాటినప్పుడు ఈ సంగతి తేటతెల్లమైనది. విద్యుత్ స్తంభములు వంగిపోయినవి, చెట్లు వీథులకు అడ్డుగా పడినవి, సెల్ టవర్లు మూగవోయినవి. కరెంటు లేకపోవుటచేత మోటారు తిరుగలేదు. మోటారు తిరుగకపోవుటచేత మేడమీది తొట్టి నిండలేదు. ఐదవ అంతస్తులోని కాపురము, అంతకు ముందటి దినమువరకు కుళాయి త్రిప్పుటయే యెరిగినది, బిందెలతో మెట్లెక్కవలసి వచ్చెను. పెట్రోలు బంకుల ముందు జనులు బారులు తీరిరి. పాలకును, మంచినీటి డబ్బాలకును అడిగినంత ఇచ్చుకొనవలసి వచ్చెను. ఎ.టి.ఎం.లు పనిచేయలేదు గనుక బ్యాంకులో ధనమున్నవాడును చేతిలో నోటు లేనివాడే యయ్యెను. నగరజీవితము ఒకే విద్యుత్తు తీగపై ఎంతగా ఆధారపడియున్నదో ఆ వారము విశాఖవాసులకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

పది సంవత్సరములకు, 2024 సెప్టెంబరు 1న, సముద్రమునకు దూరముగానున్న విజయవాడకు అదే యనుభవము మరియొక రూపమున వచ్చెను. బుడమేరు మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్, దాని చుట్టుప్రక్కల పేటలు జలమయమయ్యెను. అదే సమయమున ప్రకాశం బ్యారేజీ చరిత్రలో అంతకు ముందెన్నడును ఎరుగని 11.4 లక్షల క్యూసెక్కుల ప్రవాహము కృష్ణలో దిగివచ్చెను. క్రింది అంతస్తులు మునిగినవారు పై అంతస్తులకును, డాబాలమీదికిని ఎక్కి దినములకొలది అచ్చటనే యుండిరి. పడవలు, హెలికాప్టర్లు, చివరకు డ్రోన్లు సయితము ఆహారపు పొట్లములను మోసినవి. రెండు జాతీయ రహదారులు కలియు నగరమున, పెద్ద రైల్వే జంక్షనుకు కూతవేటు దూరమున, చంటిబిడ్డకు పాలు లేక డాబాపై నిలిచి చేతులూపిన తల్లులను చూచిన పిమ్మట, ఇది మారుమూల లంకగ్రామముల సమస్య మాత్రమే యని యెవ్వరును అనజాలరు. 1923లో టోక్యో, యోకొహామా నగరములను నాశనము చేసిన భూకంపము వచ్చినదియు సెప్టెంబరు 1వ తేదీననే; జపానువారు ఆ తేదీని మరువక 1960 నుండి ఏటేట ఆ దినమున దేశమంతటను విపత్తుల నెదుర్కొను అభ్యాసము చేయుచున్నారు. మనకును ఆ తేదీ లభించినది, అంతకంటె ఘోరమైన నవంబరు 19 యును కలదు, అభ్యాసమే లేదు.

దీనికి కారణము సోమరితనము కాదు. రాబోవు ఆపదను గూర్చి ముందుగా మాటలాడుట అమంగళమని మన యిండ్లలో ఒక సంకోచము పాతుకొని యున్నది. తుఫాను నాటికి కావలసినవి ఒక పెట్టెలో సర్దుదమని కోడలు అన్నచో, 'అవేమి మాటలమ్మా, శుభమా యని!' యని అత్తగారు నోరు మూయించుట సహజము. అయినను కీడెంచి మేలెంచవలెనన్న సామెతయు మనదే. మన పెద్దలు ధాన్యమును పాతరలలోను గాదెలలోను నిలువ చేసిరి. వేసవిలో ఊరగాయలు, వడియములు, ఒరుగులు పెట్టిరి. వానలు మొదలగు ఆషాఢమున తొలి ఏకాదశినాడు వండక తినదగిన పేలపిండిని పంచిరి. విపత్తుకై సన్నాహమని దానికి వారు పేరు పెట్టలేదు, కాని ముసురు పట్టి పొయ్యి రాజుకొనని నాడు ఇంటివారిని పోషించినవి అవియే. నేనిచ్చట గతమును పూజించుట లేదు. ఆ గాదెలు కలవారి యిండ్లనే యుండెడివి. లేనివారు ప్రతి కరవునను రాలిపోయిరి. ఆ అలవాటులోని వివేకమును మాత్రము గ్రహించి, దానిని అందరి సొత్తుగా చేయవలెనని నా యభిప్రాయము.

మొదట నీటి సంగతి. మనిషికి దినమునకు త్రాగుటకును వంటకును కలిపి 4 లీటర్ల చొప్పున లెక్కించినచో, నలుగురున్న యింటికి మూడు దినములకు 48 లీటర్లు కావలెను. అనగా 20 లీటర్ల డబ్బాలు రెండును, ఒక పెద్ద బిందెయు. తుఫాను హెచ్చరిక విన్నవెంటనే, కరెంటు పోకమునుపే, ఇంటనున్న ప్రతి పాత్రను నింపి మూతపెట్టుట మొదటి విధి. దివిసీమ నేర్పిన విషయమొకటి ఇచ్చట జ్ఞప్తియందుంచుకొనవలెను: సముద్రపు నీరు కలిసిన బావిని ఎంత కాచినను, ఎన్ని క్లోరిన్ బిళ్లలు వేసినను ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. వరదనీటిని శుభ్రపరచవచ్చును, ఉప్పునీటిని ఇంటిలో శుభ్రపరచు ఉపాయము సామాన్యునికి లేదు. కనుక తీరగ్రామములలో ముందుగా నింపి యుంచిన నీటికి సాటివచ్చునది మరియొకటి లేదు.

బురదనీరు మాత్రమే దొరకినచోట మన పల్లెలకు ఒక పాత విద్య తెలియును. చిల్లగింజ యనియు, ఇండుపగింజ యనియు పిలువబడు అడవిచెట్టు గింజ నొకదానిని తీసికొని, సానపై రెండు చుక్కల నీటితో గంధము తీసినట్లు అరగదీసి, ఆ ముద్దను బిందెడు బురదనీటిలో కలిపి కర్రతో నిదానముగా త్రిప్పి, కదపక విడిచిపెట్టినచో, కొన్ని గంటలలో మన్ను ముద్దకట్టి అడుగుకు చేరును, పైనీరు తేటపడును. పటికతోను ఇదే పని జరుగును. అంతటితో ఆ నీరు పరిశుద్ధమైనదని భ్రమించినచో ప్రమాదము. తేటనీటిలో కలరా, విరేచనముల క్రిములు కంటికి కనబడకుండ నుండవచ్చును. పైతేటను మందమైన నూలుగుడ్డ నాలుగు మడతలలోనుండి వడకట్టి, తెర్లి పొంగు వచ్చిన పిమ్మట మరియొక నిమిషము కాచవలెను. కట్టెలు లేనప్పుడు క్లోరిన్ బిళ్లలను వాటి పొట్లముపై చెప్పిన మోతాదున వేయవలెను. అదియు లేనప్పుడు తేటనీటిని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలలో నింపి మండుటెండలో 6 గంటలు, మబ్బు పట్టినచో రెండు దినములు ఉంచవలెను. ముందు తేటపరచుట ఎందుకనగా, బురద రేణువులచాటున క్రిములు దాగి మందునుండియు ఎండనుండియు తప్పించుకొనును. ఈ క్రమమును తెలిసినవారికి వరద నడుమను త్రాగునీరు సిద్ధించును.

ఆహారము విషయమున పెద్ద చింత అక్కరలేదు. అటుకులు, మరమరాలు, వేయించిన సెనగపప్పు, వేరుసెనగలు, బెల్లము, ఖర్జూరము, పేలపిండి, ఇవి పొయ్యి లేకయే ఆకలి తీర్చును. చంటిబిడ్డలున్న యింట వారి ఆహారమును, వృద్ధులున్న యింట రక్తపోటుకును మధుమేహమునకును వాడు మందులను వారమునకు సరిపోవునట్లు ఎల్లప్పుడును నిలువయుంచవలెను. విరేచనములు పట్టుకొన్నచో 1 లీటరు మంచినీటిలో తలగొట్టిన 6 టీ చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి కొద్దికొద్దిగా త్రాగించుట ప్రతి తల్లికిని, ప్రతి తండ్రికిని కంఠస్థము కావలెను. టార్చి, అగ్గిపెట్టెలు, కొంత రొక్కము, ఆధారు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, వీనినన్నిటిని గట్టి పాలిథీన్ సంచిలో చుట్టి అటకపై నుంచినచో పిలుపు వచ్చిన వెంటనే చేతపట్టుకొని పోవచ్చును. బ్యాటరీతో నడచు చిన్న రేడియో సెల్ టవర్లు కూలిన దినమున అమూల్యమగును. ఒక హెచ్చరిక మాత్రము మరువరాదు: చలియో చీకటియో యని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటిని గాని, జనరేటరును గాని పెట్టినచో, వాసన లేని విషవాయువు నిద్రలోనే ఇంటిల్లిపాదిని హతమార్చును.

సామగ్రి కొనుట సులభము. ఈ మధ్య అంగళ్లలో ఆపత్కాలపు సంచులనియు, అడవిలో బ్రతుకుటకు పనికివచ్చు పరికరములనియు, పది పనులు చేయు చాకులనియు విక్రయించుచున్నారు. యువకులు వానిని ముచ్చటపడి కొని గోడకు తగిలించుచున్నారు. వానియందు నాకు ద్వేషము లేదు. కాని చేతికి విద్య లేనప్పుడు ఆ సామగ్రి యెంత యున్నను నిష్ప్రయోజనము. పది గజముల నైలాన్ త్రాడు ఇంటనున్నది సరియే. నీటిలో కొట్టుకొనిపోవువానికి దానిని ఎట్లు అందించవలెనో ఎరుగుదుమా? సాధారణముగా మనము వేయు జారుముడి మనిషి బరువు పడినకొలది బిగిసి అతని రొమ్మును నొక్కివేయును. జాలరి వేయు ముడి అట్టిది కాదు. త్రాటి పొడవున ఒకచోట చిన్న కన్నము వచ్చునట్లు మెలిపెట్టి, కొసను ఆ కన్నములోనికి క్రిందినుండి పైకి తెచ్చి, నిలువు త్రాటి వెనుకగా చుట్టి, మరల అదే కన్నములోనికి పైనుండి క్రిందికి దించి బిగించినచో ఏర్పడు ఉంగరము ఎంత లాగినను చిన్నది కాదు; పని తీరిన పిమ్మట చేతితో సులువుగా విప్పవచ్చును. ఈ ముడిని చీకటిలో, తడిచేతులతో, చూడకుండ వేయుట వచ్చువరకు అభ్యసించినవాడే త్రాడు ఉన్నవాడు.

ఈతగాడు కానివాడు మునుగువానికై నీటిలోనికి దూకుట యెంత దయతో చేసిన పనియైనను, ఒక మరణమును రెండు మరణములుగా చేయుటయే యగును. త్రాడు విసరవలెను, లేనిచో పొడవైన వెదురును, విప్పిన చీరను అందించవలెను, అదియు కానిచో మూత బిగించిన ఖాళీ డబ్బాను, ఖాళీ నీళ్లక్యానును విసరవలెను. లంకగ్రామములవారు అరటిబోదెలను వెదురుపుల్లలతో గుచ్చి కట్టు తెప్ప, వారి తాతలనాటి విద్య, నేటికిని ప్రాణములు నిలుపుచున్నది. ఒడ్డుకు చేర్చినవాని పొట్టను నొక్కుటయు, తలక్రిందులుగా త్రిప్పుటయు మానివేసి, ఊపిరి లేనిచో నోటితో ఊపిరి నూది, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున అదుముటను ప్రతి పదవ తరగతి విద్యార్థియు బొమ్మపై అభ్యసించి యుండవలెను. త్రిభుజముల సిద్ధాంతములను నేర్పు పాఠశాల ఒక గంట దీనికి కేటాయింపలేదా?

వరద తీసిన వెనుక వచ్చు భయము పాములది. పొలములలోని కన్నములు మునుగగా అవియు మెట్టనేలను వెదకుకొనుచు మనుష్యులున్న అరుగులమీదికే చేరును. వర్షాకాలమున అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు రోగులు చేరుటను గూర్చి పత్రికలు తరచుగా వ్రాయుచున్నవి. కాటు వేసినచోట కత్తితో గాటు పెట్టుట, నోటితో పీల్చుట, బిగువుగా కట్టు కట్టుట, పసరు మందుకై ఊరూర తిరుగుట, ఈ నాలుగును విషముకంటె తక్కువ హానికరములు కావు. కట్టు బిగించిన కాలు రక్తప్రసారము లేక చచ్చిపోవును; పసరు వైద్యుని వద్ద గడిచిన గంటలు తిరిగిరావు. కాటుపడిన అవయవమును కదపక, ఎముక విరిగినవానికి కట్టినట్లు బద్దలతో ఆధారము కల్పించి, రోగిని నడిపింపక మోసికొని, విషహరమైన సూదిమందు ఉన్న ఆసుపత్రికి కొనిపోవుటయే చికిత్స. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషమునకును మన దేశమున దొరకు మందు ఒక్కటియే గనుక, పామును చంపి వెంట తెచ్చుటకై కాలము వ్యర్థము చేయనక్కరలేదు. కట్లపామును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. అది రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. నొప్పియు వాపును కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి యనియో, కనురెప్పలు వాలుచున్నవనియో రోగి చెప్పునప్పటికి విషము నరములను పట్టియుండును. నేలపై పండుకొని లేచినవారికి ఇట్టి లక్షణములు కనబడినచో కాటు గుర్తు కనబడకున్నను వారిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

హెచ్చరికను చదువ నేర్చుటయు ఒక నైపుణ్యమే. తుఫాను ఫలానిచోట తీరము దాటునని విన్నవెంటనే, ఆ యూరివారు భయపడుటయు, డెబ్బది మైళ్ల యెగువ నున్నవారు ఊరడిల్లుటయు మనకు పరిపాటి. ఉత్తరార్ధగోళమున తుఫాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురుదిశలో తిరుగును గనుక, అది కదలు దిశకు కుడిప్రక్కనున్న గాలి సముద్రమును తీరముపైకి నెట్టును; ఎడమప్రక్కనున్నది సముద్రమును వెనుకకు త్రోయును. మన తీరమునకు తుఫానులు తూర్పునుండి వచ్చునప్పుడు ఆ కుడిప్రక్క ఉత్తరమగును. 1977 నాటి తుఫాను చీరాల సమీపమున తీరము దాటగా ఉప్పెన దివిసీమను మ్రింగుటకు కారణమిదియే. ఈ యొక్క సంగతి తెలిసిన గ్రామపెద్ద, రేడియోలో తనకు దక్షిణముననున్న యూరి పేరు విన్నప్పుడు ఊరడిల్లడు, బండ్లు కట్టించును. మరియొకటి: తుఫాను కన్ను నెత్తిపైకి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా నిలిచి ఆకాశము తేటపడును. తుఫాను పోయినదని జనులు వీథిలోనికి వత్తురు. కొంతసేపటికి ఎదురుదిశనుండి అంతకంటె ఉధృతముగా గాలి విరుచుకొనిపడును. విశాఖవాసులు హుద్‌హుద్ నాడు ఈ నిశ్శబ్దమును కన్నులార చూచిరి. గోదావరి తీరమున భద్రాచలము వద్ద 43, 48, 53 అడుగులు మూడు ప్రమాద హెచ్చరికలని తెలియనివారు లేరు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చినదనియు వారికి తెలియును. ఆ అంకెను విని తమ యింటి గుమ్మమునకు నీరెప్పుడు తాకునో చెప్పగలవారు ఆ మన్యపు పల్లెలలో కలరు. అట్టి లెక్క ప్రతి పేటకును ఉండవలెను.

అడవి సంగతి రెండు మాటలలో చెప్పి విడుతును. నగరముల యువజనులు సెలవు దినములలో నల్లమలకును, శేషాచలమునకును పోవుట మంచిదే. కాని పోవువారు ఏ దారిని పోయి ఎప్పుడు తిరిగి వత్తురో ఒకరికి చెప్పి పోవుట లేదు. దారి తప్పినట్లు తోచిన మరుక్షణము చేయవలసినది కూర్చుండుట. కంగారుతో నడచిన ప్రతి అడుగును వెదకువారికి దూరము చేయును. మన యెండ అడవులలో మనుష్యుని చంపునది ఆకలి కాదు, దాహము. అన్నము లేక వారములు బ్రతుకవచ్చును, నీరు లేక మూడు దినములకు మించి బ్రతుకుట కష్టము. కనుక మిట్టమధ్యాహ్నము నీడలో కదలకయుండి, నడువవలసి వచ్చినచో ప్రాతఃకాలమునను సాయంకాలమునను నడచి, ఎరుగని పండునుగాని దుంపనుగాని నోట పెట్టక, ఈల ఊదినచో మూడుసార్లు చొప్పున ఊదుచుండవలెను. చెకుముకిరాయి, ఉక్కుముక్క, బూరుగుదూది వెంటనుంచుకొని ఎక్కడనైనను నిప్పు పుట్టించిన చెంచులు, ఏ దుంప తినదగినదో, ఏ వాగు వేసవిలో ఎచ్చట చెలమ యగునో ఎరిగినవారు. వారిని మనము దయతలచవలసినవారుగా చూచుచున్నామే కాని, గురువులుగా చూచుట లేదు. జాలరుల విషయమునను ఇంతే. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచినప్పుడు సముద్రతీరపు మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకొని లోతట్టు గ్రామములకు పోయి వేలాదిమందిని కాపాడిరి. నీటిని ఎరిగినవాడు వారికంటె మరియొకడు లేడు. మన పాఠశాలలలో ముడులు, ఈత, తెప్ప కట్టుట నేర్పుటకు వారిని వేతనమిచ్చి పిలువవలెను.

ఇదియంతయు విని కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు: ప్రభుత్వము చేయవలసిన పనిని పౌరుని నెత్తిన వేయుచున్నావే యని. ఆక్షేపణ న్యాయమైనదే. కాలువ గట్లకు గండ్లు పడకుండ చూచుట, వాగుల కడుపులలో ఇండ్లు కట్టనీయకుండుట, మడ అడవులను నరకనీయకుండుట, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున పాముకాటు మందు నుంచుట గృహస్థుని వలన కాని పనులు. వానిని ప్రభుత్వమునుండి గట్టిగా అడిగి రాబట్టవలెను. అయితే అడుగుట ఒకటి, ఆ మూడు దినములు బ్రతికియుండుట మరియొకటి. రెంటికిని విరోధము లేదు. దినకూలిపై బ్రతుకువాడు 48 లీటర్ల నీటిని, వారము మందులను, మూడు దినముల తిండిని ఎట్లు కూడబెట్టునన్న ప్రశ్న మాత్రము నన్ను ఎక్కువగా కలవరపెట్టును. ఒంటిగదిలో ఐదుగురు పండుకొను యింట అటక ఎక్కడిది? వారికి ఇంటింటి పెట్టె పనికిరాదు, వీథికి ఒక కొట్టు కావలెను. మన రెండు తెలుగు రాష్ట్రములలోను పొదుపు సంఘముల మహిళలు పైసా పైసా లెక్క వ్రాసి అప్పులిచ్చి తీర్చుకొనుటలో ఆరితేరియున్నారు. వారి చేతికి ప్రతి వీథిలో ఒక గట్టి మెట్టగది, నీటి డబ్బాలు, అటుకుల బస్తాలు, త్రాళ్లు, మందుల పెట్టె ఇచ్చి, ఆరునెలలకొకసారి పాతవానిని వాడి క్రొత్తవి నింపు బాధ్యతను అప్పగించినచో, ఏ శాఖకంటెను చక్కగా వారు నిర్వహింపగలరు. ఏ యింట నడువలేని వృద్ధుడున్నాడో, ఏ యింట నెలలు నిండిన గర్భిణి యున్నదో వారికి తెలిసినట్లు తహసీల్దారునకు తెలియదు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపదా మిత్ర యను పేర వరదలకు లోనగు జిల్లాలలో స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ప్రారంభించినది. అది ఆదరణీయమైన పని. కాని జిల్లాకు కొన్ని వందలమంది చాలరు. గ్రామమునకు పదిమంది కావలెను, ప్రతి పాఠశాలయు శిక్షణాలయము కావలెను. నవంబరు 19ని తీరాంధ్రమున అభ్యాస దినముగా ప్రభుత్వము ప్రకటించుగాక. ఆనాడు ఊరివారందరును, ముసలివారిని మోసికొని, పశువుల పలుపులు విప్పి, తమ షెల్టరువరకు నడువవలెను. ఎంతసేపు పట్టినదో పంచాయతీ పుస్తకమున వ్రాయవలెను. మరుసటి యేడు అది తగ్గినదో లేదో చూడవలెను. పిల్లలు త్రాడు ముడులు వేయవలెను, తల్లులు నీరు తేర్చి చూపవలెను, ఆశా కార్యకర్త రొమ్ము అదుముటను నేర్పవలెను, 112, 1070 నంబర్లకు ఎట్లు పిలువవలెనో, పిలుపు కలియనిచోట సంక్షిప్త సందేశము ఎట్లు పంపవలెనో పెద్దలకు పిల్లలు నేర్పవలెను. దానికంటె ముందుగా, ఈ నెలలోనే, ప్రతి పంచాయతీ కార్యదర్శియు తన యూరి షెల్టరు తలుపు తెరచి, లోపల ఏమి నిలువచేసి యున్నారో చూచి, చేతిపంపు నీరు వచ్చుచున్నదో లేదో కొట్టి చూచి, మరుగుదొడ్ల తలుపులు సరిచేయించి, తాళపుచెవులు ఏ యిద్దరి యిండ్లలో ఉన్నవో వారి పేర్లను ఆ గోడపైననే పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.